పది రూపాయల లోపు

మొన్న సంక్రాంతికి న్యూజెర్సీ నుంచి వచ్చిన మా బావ, భోజనాలయ్యాక నా లాప్‌టాప్ లాక్కుని ఒక వెబ్‌సైట్ తెరిచాడు. అమెరికా ఫెడరల్ ఎన్నికల కమిషన్ వాళ్లది. వెతికే గడిలో తన పేరు కొట్టాడు. నిమిషం కూడా పట్టలేదు. 2020లో ఒక పొలిటికల్ యాక్షన్ కమిటీకి తను పంపిన 250 డాలర్లు, పంపిన తేదీ, తను ఉండే ఊరు, చేసే ఉద్యోగం, జీతమిచ్చే కంపెనీ పేరు, అన్నీ ఒకే వరసలో కనిపించాయి. కమిటీ పేరు మీద నొక్కితే ఆ డబ్బు ఎటు పోయిందో కూడా ఉంది. ప్రింటింగుకు ఇంత, ఫోన్లకు ఇంత, టీవీ ప్రకటనలకు ఇంత.

"చూశావా, దాచుకుందామన్నా దాగదు. మన రేపల్లెలో ఇట్టా చూడగలవా?" అన్నాడు.

బావ మాటలకి రోషం తెచ్చుకోకూడదని చిన్నప్పుడే నేర్చుకున్నాను గానీ ఈసారి తెచ్చుకున్నాను. నాది తెనాలి. అమ్మ వాళ్లది రేపల్లె. అక్కని ఇచ్చింది బాపట్ల. తెనాలి జంక్షన్‌లో ఒక లైను రేపల్లెకి విడిపోతుంది, ఇంకొకటి నిడుబ్రోలు మీదుగా బాపట్లకి పోతుంది. నా బాల్యమంతా ఈ రెండు లైన్ల మీదే గడిచింది. ఈ మూడూళ్లలో ఎన్నికల డబ్బు కాగితాల మీద ఎంత దూరం కనిపిస్తుందో చూద్దామనుకున్నాను. నాలుగు నెలల శనాదివారాలు పోయాయి. దొరికింది నేను వెతికింది కాదు. ఒక పాత చట్టం, దాని వెనక మా ఇంట్లోనే ఉన్న ఒక బిల్లు పుస్తకం.

ముందు ఈ కమిటీ సంగతి. దీని పుట్టుకే ఒక నిషేధంలోంచి. 1943లో అమెరికాలో కార్మిక సంఘాలు అభ్యర్థులకు నేరుగా డబ్బివ్వకూడదని చట్టం వచ్చింది. అప్పుడు సీఐఓ అనే పెద్ద కార్మిక సమాఖ్య, సభ్యుల దగ్గర విడిగా చందాలు పోగుచేసి ఖర్చుపెట్టడానికి ఒక వేరే కమిటీ పెట్టుకుంది. తరవాత కంపెనీలు, డాక్టర్లు, తుపాకుల వాళ్లు, తుపాకులు వద్దనేవాళ్లు, అందరూ పెట్టుకున్నారు. 2010లో వచ్చిన కోర్టు తీర్పులతో, అభ్యర్థితో కలిసి పథకం వేసుకోనంతవరకూ ఎంతైనా ఖర్చుపెట్టుకోగల సూపర్ కమిటీలు వచ్చాయి. అంటే అభ్యర్థి కాని మనిషి, పార్టీ కాని సంస్థ, సొంత పేరుతో ఎన్నికలో డబ్బు పెట్టడం అక్కడ చట్టబద్ధం. కాకపోతే 200 డాలర్లు దాటి ఇచ్చిన ప్రతివాడి పేరూ రాయాలి. ఇందులోనూ సందులున్నాయి. దాతల పేర్లు చెప్పనక్కర్లేని లాభాపేక్షలేని సంస్థల ద్వారా తిప్పితే మొదటి జేబు ఎవరిదో తెలియదు. బావ ఆ సంగతి చెప్పలేదు. నేనే చదువుకుని వాట్సాప్‌లో పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.

మరి మన దగ్గర అభ్యర్థీ పార్టీ తప్ప ఇంకెవరూ ఖర్చుపెట్టరా? ఈ ప్రశ్న గుంటూరు జిల్లాలో పుట్టినవాణ్ణి అడగకూడదు. ఎన్నికల నెలలో ఏ కల్యాణ మండపం ఖాళీగా ఉంటుంది? ఫలానా సామాజిక వర్గం వారి ఆత్మీయ సమావేశం, ఫలానా వ్యాపారుల ఆత్మీయ సమావేశం, ఫలానా కాలేజీ పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమావేశం. వెయ్యి మందికి భోజనాలు, స్వీటుతో సహా. అభ్యర్థి ఒక పది నిమిషాలు వచ్చి దణ్ణం పెట్టి పోతాడు. వంటవాడికి డబ్బులెవరిచ్చారు? ఊళ్లో అందరికీ తెలుసు. ఏ కాగితం మీదా ఉండదు. ఈ ఆత్మీయ సమావేశమే మన యాక్షన్ కమిటీ. దానికి పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, ఖాతా లేదు.

ఎందుకు లేవు అని వెతుకుతూ వెళితే 1920 తగిలింది.

మాంటేగు చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల కింద ఆ ఏడాది చివర్లో ఎన్నికలు జరిగాయి. కాంగ్రెస్ బహిష్కరించింది, మద్రాసులో జస్టిస్ పార్టీ గద్దెనెక్కింది. ఆ ఎన్నికల కోసమే 1920 నాటి 39వ చట్టం ద్వారా భారత శిక్షాస్మృతిలో ఎన్నికల నేరాల మీద ఒక కొత్త అధ్యాయం చేర్చారు. లంచం, బెదిరింపు, దొంగ ఓటు అన్నీ అందులోవే. చివర్లో 171 హెచ్ అనే సెక్షన్ ఉంది. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా అతని గెలుపు కోసం ఎవరైనా సభ పెట్టినా, ప్రకటన వేసినా, కరపత్రం పంచినా, ఇంకే విధంగా ఖర్చుపెట్టినా నేరం. జరిమానా 500 రూపాయల దాకా. ఒక మినహాయింపు మాత్రం ఉంది. ఖర్చు పది రూపాయలు దాటకపోతే, పెట్టిన పది రోజుల్లోగా అభ్యర్థి దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తెచ్చుకుంటే సరిపోతుంది.

పది రూపాయలు. 1920లో అది చిన్న మొత్తం కాదనుకోండి. కానీ ఆ అంకె తరవాత మారలేదు. 2024 జులై 1న శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, ఈ సెక్షన్ 176గా అందులోకి నడిచొచ్చింది. జరిమానాని పదివేల దాకా పెంచారు. మినహాయింపు పది రూపాయల దగ్గరే ఉంది. టీ కూడా పది రూపాయలకి దొరకడం మానేసిన రోజుల్లో, నూటనాలుగేళ్ల తరవాత, కొత్త చట్టం రాసుకుంటూ కూడా ఆ అంకెని ఎవరూ ముట్టుకోలేదు. పాత కోడ్‌ని కొత్త రిపాజిటరీకి కాపీ చేసేటప్పుడు కామెంట్లు కూడా చదవకుండా అతికించే జూనియర్లని చూశాను. నేనూ ఒకప్పుడు అలాంటివాణ్ణే.

ఆ ఆలోచన బ్రిటన్‌ది. అక్కడ 1918 నుంచీ బయటివాళ్ల ఖర్చు మీద ఇలాంటి కట్టడే ఉండేది, వాళ్ల అంకె ఐదు పౌండ్లకు చేరింది. 1992 ఎన్నికల్లో ఫిలిస్ బోమన్ అనే గర్భస్రావ వ్యతిరేక ప్రచారకురాలు, అభ్యర్థుల అభిప్రాయాలు చెబుతూ దాదాపు పదిహేను లక్షల కరపత్రాలు పంచిపెట్టించారు. ఆమె మీద కేసు పెట్టారు. అది తిరిగి తిరిగి ఐరోపా మానవ హక్కుల కోర్టుకి వెళ్లింది. 1998లో ఆ కోర్టు, ఐదు పౌండ్ల హద్దు అంటే మాట్లాడనివ్వకపోవడమేనని తేల్చింది. బ్రిటన్ దాన్ని 500 పౌండ్లు చేసింది. ఇక్కడ అలాంటి బోమన్ ఎవరూ రాలేదు. రావాల్సిన అవసరమూ పడలేదేమో. చట్టాన్ని ఎదిరించడం కంటే దాని పక్కనుంచి వెళ్లడం మనకి సులువు.

ఇక్కడొక తేడా చెప్పాలి. అభ్యర్థికి మీరు డబ్బివ్వడం నేరం కాదు. ఇవ్వచ్చు, అతను తన లెక్కలో మీ పేరు రాసుకోవాలి. నేరమయ్యేది అతని చేతికివ్వకుండా మీరే అతని కోసం ఖర్చుపెట్టడం. అభ్యర్థి ఖర్చుకి 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ఒక హద్దు పెట్టింది కాబట్టి, ఆ హద్దు నిలవాలంటే పక్కవాళ్ల చేతులు కట్టేయాలి. తర్కం బాగానే ఉంది. 1974 దాకా.

1974 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ఢిల్లీ సదర్ నియోజకవర్గం కేసులో తీర్పిచ్చింది. కన్వర్‌లాల్ గుప్తా వేసిన పిటిషన్ అది. అమర్‌నాథ్ చావ్లా ఎన్నిక చెల్లదన్నారు. జస్టిస్ భగవతి రాసిన తీర్పు సారం ఇది: ఒక అభ్యర్థి కోసమని పార్టీ ఖర్చుపెడుతుంటే, అతను తెలిసి కాదనకుండా ఊరుకుంటే, అది అతని ఖర్చే. లేకపోతే హద్దు పెట్టి లాభమేమిటి? డబ్బున్న పార్టీ డబ్బులేనివాడిని తొక్కేయదా? ఈ తీర్పు అమలైతే దేశంలో ఎంతమంది ఎంపీలు మిగిలేవారో మీరే ఊహించుకోండి. పదహారు రోజులకి, అక్టోబర్ 19న, ఆర్డినెన్స్ వచ్చింది. ఆ తరవాత అదే చట్టమైంది. 77వ సెక్షన్‌కి ఒక వివరణ తగిలించారు. పార్టీ గానీ, మరే సంఘం గానీ, అభ్యర్థి, అతని ఏజెంటు కాని మరే వ్యక్తి గానీ పెట్టే ఖర్చు అభ్యర్థి ఖర్చు కిందికి రాదు.

ఈ రెండు తేదీల మధ్యలోనే అక్టోబర్ 15న వాషింగ్టన్‌లో ప్రెసిడెంట్ ఫోర్డ్ ఇంకో చట్టం మీద సంతకం పెట్టాడు. వాటర్‌గేట్ తరవాతి ఎన్నికల ఖర్చు సంస్కరణ. మా బావ పేరు చూపించిన కమిషన్ ఆ చట్టంలోంచి పుట్టిందే. పదహారు రోజుల్లో ఇంత జరిగింది. 1976లో వాళ్ల సుప్రీంకోర్టు ఖర్చు హద్దుల్ని కొట్టేసింది, వెల్లడించాలన్న నియమాన్ని ఉంచింది. మనం హద్దుని ఉంచుకున్నాం, దాని కిందికి రాని ఖర్చుని ఎవరు పెట్టారో అడగడం మానేశాం. ఎవరి పద్ధతి మంచిదో తేల్చడానికి నేనెవర్ని. హద్దు లేని అమెరికాలో వందల కోట్ల డాలర్లు ఎలా దొర్లుతాయో తెలుసు. కానీ కాగితం పట్టుకుని వెతికేవాడికి మాత్రం ఆ అక్టోబర్ దగ్గర దారి రెండుగా చీలింది, తెనాలి జంక్షన్‌లోలాగే.

వింతేమిటంటే పాత 171 హెచ్ అప్పుడూ బతికే ఉంది. ఒక చట్టం ప్రకారం మీ మిత్రుడు అనుమతి లేకుండా పది రూపాయలు దాటి ఖర్చుపెడితే నేరం. ఇంకో చట్టం ప్రకారం మిత్రుడు పెట్టిన ఖర్చు మీ లెక్కలోకి రాదు. అభ్యర్థికి రాయాల్సిన పని లేదు, మిత్రుడికి చెప్పుకునే ధైర్యం ఉండదు. 2003లో ఆ వివరణని సవరించేదాకా, అంటే దాదాపు మూడు దశాబ్దాల పాటు, మన ఎన్నికల పెద్ద ఖర్చంతా ఈ సందులోనే నడిచింది.

ఆ సందులోనే మా పెదనాన్న ప్రెస్సు కూడా ఉంది.

తెనాలి అంటే ఇప్పుడు జనానికి విగ్రహాలు గుర్తొస్తాయి. ఒకప్పుడు పుస్తకాలూ నాటకాలూ కాగితాలూ. పెదనాన్నది పెద్ద ప్రెస్సేమీ కాదు. ఒక ట్రెడిల్ మిషను, ఒక సిలిండరు, ఇద్దరు కంపోజిటర్లు. పెళ్లి పత్రికలు, సినిమా కరపత్రాలు, ఎరువుల కొట్టు బిల్లు పుస్తకాలు. ఎన్నికలొస్తే పండగ. 1961లో చేర్చిన 127ఏ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం మీదా పోస్టరు మీదా ముద్రించినవాడి పేరూ, ప్రచురించినవాడి పేరూ, చిరునామాలూ ఉండాలి. ప్రచురణకర్త ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించిన ప్రకటన ఇవ్వాలి, ప్రింటరు దాన్నీ, అచ్చు కాగితాన్నీ జిల్లా మేజిస్ట్రేట్‌కి పంపాలి. తప్పితే ఆరు నెలల జైలు దాకా వెళ్లచ్చు. పోస్టరు అడుగున చీమంత అక్షరాల్లో కనిపించే ఆ లైను, నా దృష్టిలో, మన ఎన్నికల ఖర్చుకి అందరికంటే నిజాయితీగా మిగిలిన సాక్షి. కానీ అది కూడా అచ్చేసినవాడి పేరు చెబుతుంది, డబ్బిచ్చినవాడి పేరు చెప్పదు.

ఎనభైల్లో ఒక ఎన్నిక. ఏ ఎన్నికో, ఏ అభ్యర్థో చెప్పను, ఆయన గెలవలేదు కూడా. పెదనాన్న బిల్లు పుస్తకం కార్బన్ కాపీలో ఇలా ఉంది: డబుల్ డెమ్మీ వాల్‌పోస్టర్లు, రెండు రంగులు, పదిహేనువేలు. పోస్టరు అడుగున వేసింది మాత్రం కాపీలు రెండువేలు. బయానా ఇచ్చింది అభ్యర్థి కాదు, పార్టీ కాదు. ఒక రైసు మిల్లు. ఎన్నికలయ్యాయి, అభ్యర్థి ఓడాడు. మిగతా డబ్బుల కోసం పెదనాన్న అభ్యర్థి ఇంటికెళితే, "ఆర్డరు నేనివ్వలేదండీ, నా లెక్కలో లేదు," అన్నాడట. మిల్లుకెళితే, "ఆయన పోస్టర్లకి మేమెందుకిస్తాం? మాకేం సంబంధం?" అన్నారట. ఇద్దరూ చట్టప్రకారం సరిగ్గానే మాట్లాడారని నాకిప్పుడు తెలిసింది. అభ్యర్థి లెక్కలో ఆ ఖర్చు ఉండక్కర్లేదు, 1974 చూసుకుంది. మిల్లు తనదని ఒప్పుకుంటే 1920 పట్టుకుంటుంది. ఆ ఏడాది పెదనాన్న ట్రెడిల్ మిషను అమ్మేశాడు.

ఇవాళ్టి కాగితాలు అప్పటికంటే మెరుగే, అందులో సందేహం లేదు. 2002, 2003 సుప్రీంకోర్టు తీర్పుల పుణ్యమా అని ప్రతి అభ్యర్థీ ఆస్తులూ అప్పులూ కేసులూ అఫిడవిట్‌లో రాయాలి. ఫలితాలొచ్చిన ముప్ఫై రోజుల్లోగా ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. లెక్కకి ఒక రిజిస్టరు ఉంటుంది. రోజువారీ ఖర్చులు తెల్ల కాగితాల మీద, నగదు లెక్క గులాబీ కాగితాల మీద, బ్యాంకు లెక్క పసుప్పచ్చ కాగితాల మీద. ఎన్నికల ఖర్చుకే ఒక బ్యాంకు ఖాతా తెరవాలి. ప్రచారంలో ఉండగానే మూడుసార్లు పరిశీలకుడికి చూపించాలి. ఆయన దగ్గర ఇంకో నీడ రిజిస్టరు ఉంటుంది, వీడియోలు తీసేవాళ్లు తెచ్చిన వివరాలతో. కుర్చీకి ఎంత, షామియానాకి ఎంత, జెండాకి, టిఫినుకి, ఆటో అద్దెకి ఎంత అని జిల్లా అధికారులు ముందే రేట్లు ప్రకటిస్తారు. నియమాల ప్రకారం ప్రతి ఖర్చుకీ తేదీ, స్వభావం, మొత్తం, డబ్బు తీసుకున్నవాడి పేరూ చిరునామా, వోచరు నంబరు రాయాలి. అన్నిటికంటే నాకు నచ్చింది 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 88వది. ఒక్క రూపాయి ఫీజు కడితే ఎవరైనా ఏ అభ్యర్థి లెక్కనైనా చూడొచ్చు.

తెనాలి కాగితాలు గుంటూరులో ఉంటాయి. రేపల్లె, బాపట్లవి 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా వచ్చాక బాపట్లలో. అంతకుముందువన్నీ గుంటూరువే. లోక్‌సభకీ అంతే, తెనాలి గుంటూరు కింద, మిగతా రెండూ బాపట్ల కింద. వీటిలో ఒక ఆఫీసుకి వెళ్లి రూపాయి బిళ్ల బల్ల మీద పెట్టాను. అక్కడి గుమస్తా గారు నా మొహం చూసి, ఆ బిళ్లని చూసి, "ఉంచండి బాబూ, వెబ్‌సైట్లోనే పెట్టాంగా," అన్నారు. నిజమే, పెట్టారు. కొన్ని పేజీలు అడ్డంగా, కొన్ని తలకిందులుగా స్కాన్ చేసినవి, చేత్తో రాసినవి. వెతికే గడి లేదు. మెషీన్ చదవలేదు, మనిషే చదవాలి. చదివాను.

చదువుతుంటే ఒక సంగతి తట్టింది. అమెరికా కాగితం ఇచ్చినవాడి వైపు నుంచి రాసి ఉంటుంది. మనది పుచ్చుకున్నవాడి వైపు నుంచి. టెంట్ హౌసు, మైక్ సెట్టు, ఆటో, ఫ్లెక్సీ కొట్టు, హోటలు, ఫలానా గ్రామం, ఫలానా ఇంటి నంబరు. చిన్నవాళ్లందరికీ పేర్లూ చిరునామాలూ వోచర్లూ ఉన్నాయి. డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పే పట్టికలూ ఉన్నాయి గానీ, అవి అభ్యర్థి చేతిలోంచి వెళ్లిన డబ్బుకే. ఆత్మీయ సమావేశం వంటవాడు ఇందులో ఉండడు. 2003 సవరణ తరవాత అతని ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలోకే రావాలి. రావాలంటే, ఖర్చుపెట్టినవాడు ముందు ఉన్నాడని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి.

హద్దులేమో ఎప్పటికప్పుడు పెరుగుతూనే ఉన్నాయి. మన రాష్ట్రంలో లోక్‌సభకి 1999లో 15 లక్షలు. ఆ ఏడాది బాపట్ల నుంచి గెలిచింది నిర్మాత రామానాయుడు. బడ్జెట్ అంటే ఏమిటో ఆయనకి తెలిసినంత ఇంకే ఎంపీకి తెలిసుండదు. 15 లక్షలకి ఆ రోజుల్లో ఒక పాట తీసేవారేమో. తరవాత హద్దు 25 లక్షలైంది, 40 అయింది, 70 అయింది, 2022 నుంచి 95 లక్షలు. అసెంబ్లీకి 40 లక్షలు. అయితే ఏడీఆర్ సంస్థ లెక్క చూడండి. 2009లో దేశం మొత్తమ్మీద గెలిచిన ఎంపీలు చూపించిన సగటు ఖర్చు దాదాపు 14.6 లక్షలు, అంటే 25 లక్షల హద్దులో 59 శాతం. 2014లో 40.3 లక్షలు, 70 లక్షల హద్దులో 58 శాతం. హద్దు దాదాపు మూడింతలైంది, శాతం మాత్రం ఒక్క పాయింటు కదిలింది. అంకెలతో పనిచేసేవాళ్లెవరికైనా ఇది చూస్తే నవ్వొస్తుంది. ఖర్చు చూసి లెక్క రాస్తున్నారా, హద్దు చూసి రాస్తున్నారా?

రెండు ప్రజా పత్రాలు పక్కపక్కన పెడితే ఎలా ఉంటుందో ఇంకో ఉదాహరణ. 2024లో గుంటూరు నుంచి గెలిచిన పెమ్మసాని చంద్రశేఖర్‌ది తెనాలి పక్క బుర్రిపాలెం, సినిమా కృష్ణ ఊరే. అఫిడవిట్ ప్రకారం కుటుంబ ఆస్తులు 5,700 కోట్ల పైన. చట్టం ఆయన్ని ఖర్చుపెట్టనిచ్చింది 95 లక్షలు. ఆస్తిలో సుమారు ఆరువేలవ వంతు. ఆయన దాటారని నేననడం లేదు, అలా అనడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆస్తి చెప్పే కాగితానికీ ఖర్చు చెప్పే కాగితానికీ పొంతన లేదని మాత్రమే అంటున్నాను. కోట్లు ఉన్నాయని బహిరంగంగా చెప్పుకోవడానికి మన వాళ్లు సిగ్గుపడరు. ఖర్చుపెట్టామని చెప్పడానికే ఇబ్బంది.

ఒక్కరు చెప్పారు. గుంటూరు జిల్లా మనిషే, కోడెల శివప్రసాదరావు. 2016లో స్పీకర్‌గా ఉండగా ఒక టీవీ ముఖాముఖిలో, 1983లో తన మొదటి ఎన్నికకి ముప్ఫై వేలైందనీ, అదీ ఊళ్లవాళ్లు వేసుకున్న చందాలనీ, 2014లో పదకొండున్నర కోట్లయిందనీ అన్నారు. 2014లో అసెంబ్లీ హద్దు 28 లక్షలు. నలభై ఒక్క రెట్లు. కరీంనగర్‌లో ఒకరు కోర్టుకెళ్లారు. కోడెల 2019 దాకా స్పీకర్‌గానే ఉన్నారు. మహారాష్ట్రలో గోపీనాథ్ ముండే కూడా 2013లో ఇలాగే ఎనిమిది కోట్లని అని ఎన్నికల సంఘం నోటీసు అందుకున్నారు. నిజం చెప్పినవాడికే నోటీసు వచ్చే ఏర్పాటు ఇది. అప్పట్లో అందరితోపాటు నేనూ కోడెలని ఎగతాళి చేస్తూ పోస్టు పెట్టాను. ఇప్పుడనిపిస్తోంది, ఈ మొత్తం వ్యవహారంలో మనకి మిగిలిన ఏకైక అసలు అంకె ఆయనిచ్చిందేనని. ఆ అంకె ఏ రిజిస్టర్లోంచీ రాలేదు, నోట్లోంచి వచ్చింది.

ఇంకో ఆయన చేసిన పని దీనికి తిరగేసినట్టుంటుంది. 2009లో లోక్‌సత్తా అభ్యర్థి పర్చా కోదండ రామారావు. ఆ ఎన్నికల్లో వార్తల పేరుతో డబ్బులకి వేసే ప్రచారం పత్రికల్లో ఎంత పాకిందో పశ్చిమ గోదావరిలో వర్కింగ్ జర్నలిస్టుల యూనియనే సర్వే చేసి బయటపెట్టింది. పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి కలిసి ప్రెస్ కౌన్సిల్ కోసం రాసిన నివేదికలో ఇదంతా ఉంది. ఆ నివేదికని ప్రెస్ కౌన్సిల్ 2010లో పక్కన పెట్టింది, సమాచార కమిషన్ చెబితే గానీ బయటికి రాలేదు. కోదండ రామారావు ఒక పత్రికకి డబ్బిచ్చి, వార్త వేయించుకుని, ఆ డబ్బుని తన ఖర్చుల లెక్కలో రాసేశారు. అంతే. ఒక లైను. అందరూ దాచే చోట ఒకరు రాస్తే ఆ లైను ఎలా మెరుస్తుందో చూడాలంటే ఇలాంటి లెక్కలు వంద చదవాలి.

పైస్థాయి డబ్బు సంగతి వేరు, అక్కడ కొంచెం వెలుతురు పడింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్లని కొట్టేసింది. మార్చి 14న కొన్నవాళ్ల జాబితా, తీసుకున్నవాళ్ల జాబితా విడివిడిగా వచ్చాయి. 21న బాండ్ల నంబర్లు వచ్చాయి. నంబర్లు రాగానే దేశంలో ఎంతమంది ప్రోగ్రామర్లు ఆ రాత్రి నిద్రపోలేదో, నేనూ వాళ్లలో ఒకణ్ణి. రెండు పట్టికల్ని ఒక కాలమ్ మీద కలపడం మాకు పొద్దున్నే చేసే పని. హైదరాబాదు మేఘా ఇంజనీరింగ్ 966 కోట్లతో దేశంలో రెండో పెద్ద కొనుగోలుదారు. 2019 ఏప్రిల్ నుంచి వైఎస్సార్ కాంగ్రెస్‌కి సుమారు 337 కోట్లు, తెలుగుదేశానికి 219 దాకా, జనసేనకి 21. తెల్లారేసరికి ఎవరు ఎవరికిచ్చారో నా తెర మీద ఉంది. మొదటిసారి మన దేశంలో కూడా బావ చూపించినలాంటి వరస చూశాను. కానీ ఆ వరస పార్టీ ఖాతా దగ్గర ఆగిపోతుంది. అక్కణ్ణించి రేపల్లెకి ఎన్ని రూపాయలు దిగాయో చెప్పే నంబరు ఏ బాండు మీదా ఉండదు. పైనుంచి వచ్చే దారి అక్కడ తెగుతుంది, కిందనుంచి వచ్చే దారి టెంట్ హౌసు వోచరు దగ్గర తెగుతుంది. మధ్యలో ఉన్నది ఆ మిల్లు.

అందుకే పోయిన నెల పెదనాన్న దగ్గరికి వెళ్లాను. ఎనభై దాటాయి. చూపు తగ్గింది గానీ బిల్లు పుస్తకాలు మాత్రం అటక మీద సంవత్సరాల వారీగా తాడుతో కట్టి ఉంచాడు. "ఎందుకురా ఇవన్నీ?" అంటూనే దించమన్నాడు. ఆ పేజీ దగ్గర ఆగి, మిల్లు పేరు గట్టిగా చదివాను.

"ఆ పేరు రాయమాక," అన్నాడు.

"పెదనాన్నా, నలభై ఏళ్లయింది. ఆ మిల్లే లేదిప్పుడు."

"మిల్లు లేదు. మనుషులున్నారు. ఆయన మనవడేగా మొన్న నన్ను కంటి ఆస్పత్రికి కారులో తీసుకెళ్లింది." కాసేపాగి, "అయినా ఆయన ఎగ్గొట్టినట్టు కాదురా. ఇస్తే ఇచ్చినట్టు అవుద్దని భయం," అన్నాడు.

పేజీని ఫోన్‌తో ఫోటో తీసుకున్నాను. కార్బన్ నీలం చాలా చోట్ల వెలిసిపోయింది. "బాకీ రూ. 3,400" అన్నది మాత్రం తరవాత పెన్నుతో దిద్దినట్టున్నారు, స్పష్టంగా ఉంది. పేరు ఉన్న చోట బొటనవేలు అడ్డం పెట్టి ఇంకో ఫోటో తీసి, దాన్ని బావకి పంపాను.